గీయకుండా వదిలేసిన టైళ్ళు: కమాండర్ కీన్ తెర ఎలా కదిలింది

సభలోని పెద్దలకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం. ఎప్పటిదో ఒక కంప్యూటర్ ఆటను గురించి మాట్లాడతానని అడిగితే కాదనకుండా ఈ సాయంత్రాన్ని నాకు ఇచ్చిన నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఆ ఆట పేరు కమాండర్ కీన్. అది 1990 డిసెంబరు 14న అమెరికాలో విడుదలైంది. ఎనిమిదేళ్ళ పిల్లవాడొకడు తలకు హెల్మెట్ పెట్టుకొని అంగారక గ్రహం మీద గంతులు వేస్తూ ముందుకు సాగుతూ ఉంటాడు. అతనితోపాటు వెనకనున్న దృశ్యమంతా మెత్తగా పక్కకు జరుగుతూ ఉంటుంది. ఇవాళ ఏ ఫోనులో చూసినా కనిపించే సంగతే కదా అని మీకు అనిపించవచ్చు. కానీ ఆ రోజుల్లో ఆఫీసు బల్లల మీద ఉండే మామూలు పర్సనల్ కంప్యూటరులో తెర అలా జరగడం చాలా అరుదు. అది ఎలా సాధ్యమైందో, దాన్ని సాధించినవారు ఏ ఆలోచన పట్టుకొని అక్కడిదాకా వెళ్ళారో చెప్పడమే ఇవాళ నా పని.

నేను ఈ విషయంలోకి డేంజరస్ డేవ్ అనే ఆట దారిన వచ్చాను. తొంభైల నడుమ మేము కంప్యూటరు నేర్చుకున్న ల్యాబులో చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, రిజిస్టరులో సంతకం పెట్టి లోపలికి వెళ్ళేవాళ్ళం. ఇచ్చిన ప్రోగ్రాము త్వరగా పూర్తిచేసినవాళ్ళకు మిగిలే పావుగంటలో ఒక ఫ్లాపీ చేతులు మారుతూ వచ్చేది. అందులో ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఉండేది, డేవ్ ఉండేది. నా ఈడు తెలుగువాళ్ళలో ఎంతోమందికి మొదటి కంప్యూటర్ ఆట ఈ రెంటిలో ఒకటే అయి ఉంటుంది. డేవ్ రంగురాళ్ళు ఏరుకొంటూ, నిప్పుల్లో పడకుండా గెంతుతూ, కప్పు అందుకొని తలుపు దగ్గరికి చేరాలి. అయితే అతడు తెర అంచుకు రాగానే ఆట ఆగిపోయేది. దృశ్యమంతా ఒక్క విడతలో పక్కకు దొర్లి, కొత్త భాగం వచ్చి కుదురుకొనేదాకా డేవ్ బిగుసుకొని నిలబడేవాడు. ఆ తర్వాతే మళ్ళీ కదలిక. గెంతు మధ్యలో ఉండగా తెర తిరిగిందంటే, తిరిగాక కాలు ఎక్కడ పడుతుందో తెలిసేది కాదు.

ఆ వేసవిలోనే మా పిన్నివాళ్ళ ఇంట్లో టీవీకి తగిలించే వీడియో గేమ్ చూశాను. కేసెట్ పెట్టి మారియో ఆడితే తెర ఎక్కడా ఆగకుండా జారిపోతూ ఉండేది. అంత ఖరీదైన కంప్యూటరు చేయలేని పనిని బజారులో దొరికే చిన్న డబ్బా ఎలా చేస్తోందని మా ల్యాబు మాస్టారిని అడిగాను. "ఆ డబ్బా పుట్టిందే అందుకురా" అన్నారాయన. ఆ ఒక్క మాటలో ఎంత నిజం ఉందో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ముందు దాని సంగతే చూద్దాం.

నింటెండో సంస్థ ఫామికాం యంత్రాన్ని జపానులో 1983లో విడుదల చేసింది. అందులో ఆడే సూపర్ మారియో బ్రదర్స్ 1985 సెప్టెంబరు 13న వచ్చింది. మన ఇళ్ళల్లోకి వచ్చిన టీవీ గేములు చాలావరకు ఆ ఫామికాంకు నకళ్ళే. ఆ యంత్రంలో దృశ్యం చూపడానికే ప్రత్యేకంగా ఒక చిప్పు ఉంది. అది దృశ్యాన్ని చుక్కచుక్కగా మెమరీలో దాచుకోదు. తెర మీది ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. ఎనిమిది పిక్సెళ్ళ పొడవు, ఎనిమిది పిక్సెళ్ళ వెడల్పు ఉండే చదరపు బొమ్మలు కొన్ని కేసెట్లోనే ఉంటాయి. వాటిని టైళ్ళు అంటారు. మన ఇళ్ళల్లో నేలకు పరిచే టైళ్ళ వంటివే అనుకోండి. తెర మీద ఏ గడిలో ఎన్నో నంబరు టైలు పెట్టాలో చెప్పే పట్టిక మాత్రం మెమరీలో ఉంటుంది. అడ్డంగా 32 గడులు, నిలువుగా 30 గడులు, మొత్తం 960 బైట్లు. రంగుల కోసం మరో 64 బైట్లు. అంతటితో ఒక తెర సిద్ధమైపోతుంది. అటువంటి పట్టికలు రెండింటిని పక్కపక్కన పెట్టి, ఫలానా పిక్సెల్ దగ్గర మొదలుపెట్టి చూపమని చిప్పుకు ఒక సంఖ్య ఇస్తే చాలు, తక్కిన పని అది చూసుకొంటుంది.

చేర్యాల నకాషీ పటం ముందు కూర్చొని కథ విన్నవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. పొడుగాటి బట్ట మీద కథంతా ముందే గీసి ఉంటుంది. కథకుడు చుట్ట విప్పుతూ పోతాడు, చూసేవారి ముందుకు కొత్త బొమ్మ వస్తూ ఉంటుంది. అక్కడ బొమ్మను మళ్ళీ గీయడమంటూ ఉండదు, చూపే చోటు మారుతుందంతే. ఫామికాంలో మారియో చేసేది అదే. కనబడని అంచున ఒక్కొక్క నిలువు వరుసను కొత్తగా నింపుకొంటూ పోతే పటం ఎంత పొడుగైనా సాగుతుంది.

ఐబీఎం సంస్థ 1981లో తెచ్చిన పర్సనల్ కంప్యూటరు ఇటువంటి పనికి పుట్టలేదు. అది లెక్కలు వేయడానికి, ఉత్తరాలు టైపు చేయడానికి పుట్టిన యంత్రం. 1984లో దానికి ఈజీఏ అనే గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. పదహారు రంగులు చూపగలదు, బొమ్మ చూడముచ్చటగానే ఉంటుంది. కానీ అందులో టైళ్ళ పట్టిక చదివే చిప్పు లేదు, బొమ్మలను దృశ్యం మీద తేలించే స్ప్రైట్ల ఏర్పాటు లేదు. తెర మీద ఏం కనబడాలన్నా ప్రోసెసరే స్వయంగా ఒక్కొక్క బైటు రాయాలి.

ఎంత రాయాలో ఒకసారి లెక్క కడదాం, ఎందుకంటే కథ అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. అడ్డంగా 320, నిలువుగా 200 పిక్సెళ్ళ తెర, మొత్తం 64,000 పిక్సెళ్ళు. పదహారు రంగులంటే పిక్సెల్‌కు నాలుగు బిట్లు. అంటే ఒక తెరకు 32,000 బైట్లు. దృశ్యం ఒక్క పిక్సెల్ పక్కకు జరిగినా ఈ 32,000 బైట్లూ మారాలి. సెకనుకు అరవైసార్లు మార్చాలంటే 19,20,000 బైట్లు. ఆనాటి 286 ప్రోసెసరు ఎనిమిది బిట్ల దారి వెంట ఆ కార్డులోకి అన్ని బైట్లు పంపుతూ, మధ్యలో ఆటగాడి కదలిక చూసుకొంటూ, శత్రువులను నడిపిస్తూ, ఎవరు ఎవరిని తాకారో లెక్క వేయడం కుదిరే పని కాదు. అది చాలదన్నట్టు ఈజీఏలో ఒక పిక్సెల్ రంగు ఒకే చోట ఉండదు. నాలుగు పొరలుగా విడిపోయి ఉంటుంది. ఒక బైటులో పక్కపక్కన ఉన్న ఎనిమిది పిక్సెళ్ళ తాలూకు ఒక్కొక్క బిట్టే ఉంటుంది. అందుచేత ఒకే పిక్సెల్ జరపడం బైట్లను అటూఇటూ తిప్పి అతకవలసినంత పనిగా మారుతుంది. డేవ్ వంటి ఆటల్లో తెర అంచుకు వచ్చాక ఒక్క విడతలో దొర్లడానికి కారణం ఇదే. ఎప్పుడూ కొంచెం కొంచెంగా జరపలేం కనుక ఎప్పుడో ఒకసారి ఎక్కువగా జరుపుదాం అన్నది అప్పటి మధ్యేమార్గం.

ఆనాటి ఇంటి కంప్యూటర్లన్నీ ఇలాగే లేవని చెప్పాలి. 1982లో వచ్చిన కమడోర్ 64లో ఎనిమిది స్ప్రైట్లు ఉండేవి, తెరను ఏడు పిక్సెళ్ళ దాకా మెత్తగా జరిపే సదుపాయం ఉండేది. అదే ఏడు వచ్చిన జెడ్ఎక్స్ స్పెక్ట్రంలో అటువంటిదేమీ లేదు. అందుకే 1983లో మాథ్యూ స్మిత్ రాసిన మానిక్ మైనర్ ఒక్కొక్క గదిని ఒక్కొక్క తెరగా చూపింది. జోర్డన్ మెక్నర్ 1989లో ఆపిల్ 2 మీద విడుదల చేసిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా కూడా గది దాటగానే తెర మార్చే పద్ధతిలోనే నడిచింది. వాటికి ఆ పద్ధతి నప్పింది. పరుగు తీసే ఆటకు మాత్రం నప్పదు.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. లూసియానా రాష్ట్రంలో ష్రీవ్‌పోర్ట్ అనే ఊరుంది. అక్కడ సాఫ్ట్‌డిస్క్ అనే సంస్థ నెలనెలా ఫ్లాపీ మీద ప్రోగ్రాములు పెట్టి చందాదారులకు పంపేది. కాగితం మీద పత్రిక ఎలా వస్తుందో అలా డిస్కు మీద పత్రిక. డేంజరస్ డేవ్‌ను ఆపిల్ 2 కోసం రాసిన జాన్ రొమేరో అక్కడ పనిచేసేవాడు, దాన్ని పర్సనల్ కంప్యూటరుకు మార్చినదీ అతడే. మన ల్యాబుల్లోకి వచ్చిన డేవ్ అదే. 1990లో సంస్థ రెండు నెలలకొక ఆట పంపే గేమర్స్ ఎడ్జ్ అనే కొత్త చందా మొదలుపెట్టినప్పుడు, రొమేరో పట్టుపట్టి జాన్ కార్మాక్ అనే సుమారు ఇరవయ్యేళ్ళ కుర్రవాణ్ణి తీసుకొచ్చాడు. ఆపిల్ విభాగంలో టామ్ హాల్ ఉండేవాడు. బొమ్మలు గీసే ఏడ్రియన్ కార్మాక్ ఉండేవాడు. ఇంటిపేరు ఒకటే తప్ప ఇద్దరు కార్మాక్‌లకు బంధుత్వం లేదు.

జాన్ కార్మాక్ ముందు నిలువుగా జరిగే తెరను సాధించాడు. తెర మెమరీలో ఏ చిరునామా నుంచి మొదలవ్వాలో చెప్పే సంఖ్యను దాచుకొనే చోటు ఒకటి ఈజీఏ కార్డులో ఉంటుంది, దాన్ని రిజిస్టరు అంటారు. ఆ చిరునామాను ఒక వరుస మేరకు పెంచితే దృశ్యం ఒక గీత పైకి జరుగుతుంది. గీయవలసిన పనేమీ ఉండదు. అడ్డంగా జరపడం ఇంత సుళువు కాదు. చిరునామాను ఒకటి పెంచితే ఒక బైటు జరుగుతుంది, అంటే ఒకేసారి ఎనిమిది పిక్సెళ్ళు. ఆ ఎనిమిదిలోపు సన్నగా జరపడానికి కార్డులో మరొక రిజిస్టరు ఉంది. ఈ రెంటినీ కలిపి వాడితే అడ్డంగానూ ఒక్కొక్క పిక్సెల్ జరపవచ్చు. అయితే చిరునామా మార్పు తెర మళ్ళీ పైనుంచి మొదలైనప్పుడే అమలవుతుంది, సన్నని జరుగుడు మాత్రం చెప్పిన మరుక్షణమే అమలవుతుంది. రెండూ సమయానికి జత కుదరకపోతే దృశ్యం ఎనిమిది పిక్సెళ్ళు వెనక్కి ఎగిరిపడి మళ్ళీ ముందుకు వస్తుంది. ఇటువంటి రాళ్ళూరప్పలు దారిలో చాలా ఉన్నాయి. అవన్నీ దాటినా అసలు చిక్కు అలాగే ఉండిపోతుంది. మెమరీలో కొద్దిగా పెద్ద బొమ్మ గీసుకొని, దాని మీద తెర అనే కిటికీని పదహారు పిక్సెళ్ళు జరిపాం. ఆ తర్వాత? గీసిన బొమ్మ అయిపోయింది. పటం ఇక విప్పడానికి లేదు.

కార్మాక్ ఆలోచన ఇక్కడే మొదలవుతుంది. అది పైకి ఎంత చిన్నదో లోపల అంత పెద్దది కనుక కొంచెం నిదానంగా చెప్తాను. కీన్ ఆటలో ఒక్కొక్క టైలు పదహారు పిక్సెళ్ళ చదరం. తెరకు అడ్డంగా ఇరవై, నిలువుగా పన్నెండున్నర టైళ్ళు పడతాయి. కిటికీని పదహారు పిక్సెళ్ళు, అంటే సరిగ్గా ఒక టైలు మేర జరిపాక, దాన్ని ఠక్కున మొదటి చోటికి తెచ్చేసి, మెమరీలో ఉన్న బొమ్మను ఒక టైలు మేర ముందుకు జరిగినట్టుగా మార్చాలి. మామూలుగా ఆలోచిస్తే అన్ని టైళ్ళూ మళ్ళీ గీయాలి. కార్మాక్ మాత్రం ప్రతి గడి దగ్గరా ఒక ప్రశ్న వేశాడు: ఇప్పుడు ఇక్కడ ఉన్న టైలు, ఇక్కడికి రావలసిన టైలు ఒకటేనా? ఒకటే అయితే దాన్ని ముట్టుకోనక్కరలేదు.

ఒక దృశ్యం ఊహించుకోండి. ఒక వరుసలో ఎడమ నుంచి కుడిదాకా ఇరవై టైళ్ళూ నీలాకాశమే. దృశ్యం ఒక టైలు ఎడమకు జరిగింది. మొదటి గడిలో ఉన్నది నీలం, రావలసినదీ నీలం. రెండోదీ అంతే, ఇరవయ్యోదీ అంతే. ఆ వరుసలో గీయవలసిన టైళ్ళు సున్నా. ఇప్పుడు దాని కింది వరుసలో ఎనిమిదో గడి నుంచి పన్నెండో గడి దాకా ఐదు టైళ్ళ పొడుగున రాతి దిమ్మె ఒకటి ఉంది, ఐదూ ఒకే రకం రాయి అనుకొందాం. దృశ్యం జరిగాక ఆ దిమ్మె ఏడు నుంచి పదకొండు గడుల్లో ఉండాలి. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు గడుల్లో ఇదివరకూ రాయే, ఇప్పుడూ రాయే. ఏడో గడిలో ఆకాశం పోయి రాయి రావాలి, పన్నెండో గడిలో రాయి పోయి ఆకాశం రావాలి. వరుస మొత్తంలో గీయవలసినవి రెండే టైళ్ళు. అడుగున నేల పొడుగునా ఒకే రకం టైలు ఉంటే అక్కడా సున్నా. ఆ లెక్కన రెండువందల అరవై గడుల తెరలో నిజంగా గీయవలసినవి కొద్దిపాటి మాత్రమే. ఆ కొద్దిపాటిని గీయడం 286కు పెద్ద బరువేమీ కాదు. ఈ పద్ధతికి కార్మాక్ పెట్టిన పేరు అడాప్టివ్ టైల్ రిఫ్రెష్.

గీయవలసిన ఆ కొద్ది టైళ్ళలోనూ ఇంకొక పొదుపు ఉంది. పదహారు రంగుల్లో ఒక టైలు 128 బైట్లు. నాలుగు పొరల్లో విడివిడిగా రాస్తే 128 సార్లు రాయాలి. కానీ ఈజీఏ కార్డుకు లాచ్‌లని నాలుగు చిన్న అరలు ఉన్నాయి. కార్డు మెమరీలోనే ఒక చోటి నుంచి మరొక చోటికి ఒక బైటు నకలు చేసేటప్పుడు నాలుగు పొరలూ ఆ అరల గుండా ఒకేసారి దాటిపోతాయి. టైళ్ళన్నిటినీ ముందుగానే కార్డు మెమరీలో ఒక మూల దాచుకొంటే, 128 సార్లు చేయవలసిన పని 32 సార్లలో అయిపోతుంది. కీన్ మొదటి భాగం డిస్కులో ఈజీఏలాచ్ అనే పేరుతో ఒక ఫైలు ఉంటుంది. ఆ పేరు ఈ అరలను బట్టి వచ్చిందే.

ఇక్కడ నాకున్న ఒక అభిప్రాయం చెప్పుకోవాలి. ఈ కథ చెప్పేవారంతా ఘనతను పూర్తిగా కార్మాక్‌కే ఇస్తారు. నా దృష్టిలో అది న్యాయం కాదు. పొడుగునా ఒకే టైలు వచ్చేలా ఆకాశాన్ని, నేలను, దిమ్మెలను కట్టినప్పుడే ఈ పద్ధతి పనిచేస్తుంది. రంగురంగుల నగిషీలతో, ఏ రెండు టైళ్ళూ కలవని దృశ్యం గీస్తే మొదటి తెర దగ్గరే ఆట కుంటుపడుతుంది. ఒకే టైలును పదే పదే పరిచి కూడా చూసేవాడికి విసుగు పుట్టకుండా ఒక లోకాన్ని కట్టడం ఒక విద్య. ఆ విద్య టామ్ హాల్‌ది, అతనితో కలిసి స్థాయిలు కట్టిన రొమేరోది, టైళ్ళు గీసిన ఏడ్రియన్‌ది. ప్రోగ్రాము వేసిన ప్రశ్నకు అవునని జవాబు వచ్చేలా దృశ్యాన్ని కట్టినవారు వీళ్ళు. ఈసారి కీన్ చూసినప్పుడు అందులోని అంగారక గ్రహం వంక ఈ దృష్టితో చూడండి. విశాలంగా పరుచుకొన్న ఆకాశం అక్కడ అందం కోసమే ఉందనుకోకండి, ఆట నడకకు కావలసిన ఊపిరి అదే.

1990 సెప్టెంబరు 19 రాత్రి కార్మాక్ ఈ పద్ధతిని టామ్ హాల్‌కు చూపించాడు. ఇద్దరూ కలిసి ఆ రాత్రే సూపర్ మారియో బ్రదర్స్ 3లోని మొదటి స్థాయిని కంప్యూటరు మీదికి దింపాలని కూర్చున్నారు. పక్కన టీవీలో మారియో నడుస్తూ ఉంటే, హాల్ ఆట ఆపి, ఒక్కొక్క టైలూ చూసి గీస్తూ పోయాడు. మారియో బొమ్మ బదులు చేతికి అందుబాటులో ఉన్న డేవ్ బొమ్మనే నిలబెట్టారు. తెల్లవారుజామున పని ముగించి, ఫ్లాపీని రొమేరో బల్ల మీద పెట్టి వెళ్ళారు. దానికి వాళ్ళు పెట్టిన పేరు డేంజరస్ డేవ్ ఇన్ కాపీరైట్ ఇన్‌ఫ్రింజ్‌మెంట్.

ఉదయం రొమేరో వచ్చి ఫ్లాపీ పెట్టి చూశాడు. తాను సృష్టించిన డేవ్, తెర అంచున బిగుసుకుపోయే ఆ డేవే, మారియో లోకంలో ఎక్కడా ఆగకుండా నడుస్తున్నాడు, అతనితోపాటు దృశ్యం జారిపోతోంది. తమ ముందున్న దారి ఆ ఉదయమే తనకు స్పష్టమైందని రొమేరో తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. ఈ ఘట్టం తలచుకొన్నప్పుడల్లా నాకు మా ల్యాబు గుర్తొస్తుంది. మేము నిప్పుల్లో పడి ఓడిపోతూ విసుక్కొన్న ఆ కుదుపును దాన్ని సృష్టించినవాడి స్నేహితులే మాకంటే ముందు చూసి, ఒక్క రాత్రిలో తీసేశారు. మేము ఆ ఫ్లాపీతో ఆడే నాటికే ఆ సమస్య తీరి ఏళ్ళయింది, మాకు తెలియలేదంతే.

తర్వాత కొద్ది రోజుల్లోనే వాళ్ళంతా కలిసి సూపర్ మారియో బ్రదర్స్ 3కి పర్సనల్ కంప్యూటరు నమూనా తయారుచేసి నింటెండోకు పంపారు. ఆఫీసు కంప్యూటర్లను వారాంతంలో కార్లలో ఇంటికి తీసుకెళ్ళి, రాత్రింబవళ్ళు పనిచేసి, సోమవారం తెల్లవారేసరికి మళ్ళీ వాటి చోట పెట్టేవాళ్ళు. నింటెండో పని బాగుందని మెచ్చుకొంది కానీ తమ ఆటలు తమ యంత్రాల మీదే ఉండాలని వద్దంది. ఆ సంస్థ వైపు నుంచి చూస్తే అది సహజమే. వాళ్ళ వ్యాపారమంతా మారియో కావాలంటే మా డబ్బా కొనుక్కో అన్న మాట మీద నిలబడి ఉంది.

అదే రోజుల్లో రొమేరోకు రకరకాల పేర్లతో అభిమానుల ఉత్తరాలు వచ్చేవి. అన్నిటి మీదా చిరునామా ఒకటే. అవి రాసినవాడు టెక్సస్‌లో అపోజీ సాఫ్ట్‌వేర్ నడుపుతున్న స్కాట్ మిల్లర్. నేరుగా రాస్తే సంస్థవాళ్ళు విప్పి చదువుతారేమోనని అభిమాని వేషం వేశాడు. అతని వ్యాపార పద్ధతి కొత్తది: ఆటను మూడు భాగాలుగా చేసి, మొదటి భాగాన్ని ఉచితంగా వదలాలి, ఎవరైనా నకలు తీసి ఎవరికైనా ఇవ్వవచ్చు; నచ్చినవాళ్ళు తక్కిన రెండు భాగాలు డబ్బు పంపి తెప్పించుకొంటారు. మిల్లర్ రెండువేల డాలర్లు ముందుగా పంపాడు. మూడు నెలలు తిరగకుండానే కమాండర్ కీన్ వచ్చింది.

ఆటలో కథ టామ్ హాల్‌ది. బిల్లీ బ్లేజ్ అనే ఎనిమిదేళ్ళ మేధావి పెరట్లో ఇంట్లో దొరికిన సామానుతో రాకెట్టు కట్టుకొంటాడు, అన్నగారి హెల్మెట్ తలకు పెట్టుకొని కమాండర్ కీన్ అయిపోతాడు. అంగారక గ్రహం మీద దిగాక వోర్టికాన్లనే జీవులు అతని రాకెట్టులోని నాలుగు భాగాలు ఎత్తుకుపోతాయి. వాటిలో ఒకటి జాయ్‌స్టిక్, ఇంకొకటి కారు బ్యాటరీ, మరొకటి ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనరు. వాటిని వెదికి తెచ్చుకొని, అమ్మానాన్నలు ఇంటికి తిరిగి వచ్చేలోగా పక్క మీద చేరాలి. దారిలో అతనికి దొరికే పోగో కర్ర నాకు ఆటలోకెల్లా ఇష్టమైనది. దాని మీద ఎక్కితే ఎత్తుగా ఎగరగలడు, కానీ దాని మీద ఉన్నంతసేపూ ఆగడం అతని చేతిలో ఉండదు. నేల తాకిన ప్రతిసారీ మళ్ళీ లేస్తాడు. గోడల మీద వింత లిపిలో బోర్డులు ఉంటాయి. అవి ఉత్త గీతలు కావు, ఆంగ్ల అక్షరానికొక గుర్తు చొప్పున హాల్ కూర్చిన లిపి. ఓపికగా విప్పుకొన్న పిల్లలకు అవి చదవడం వచ్చేసేది. వెనకటి దృశ్యం కుదుపు లేకుండా సాగినప్పుడే ఇటువంటి చిన్న చిన్న వస్తువుల మీదికి కన్ను పోతుంది. కుదిపే తెరలో ఆడేవాడి చూపంతా తన కాళ్ళ మీదే ఉంటుంది.

కార్మాక్ అంతటితో ఆగలేదు. 1991 చివర నాలుగో భాగం వచ్చేనాటికి పద్ధతినే మార్చేశాడు. కిటికీని ఒక టైలు జరిపాక వెనక్కి తేవడమెందుకు, అలాగే జరుపుకొంటూ పోతే ఏమవుతుంది అని చూశాడు. మెమరీ పూర్తిగా ఉన్న ఈజీఏ కార్డులో ఒక్కొక్క పొరకు 64 కిలోబైట్లు ఉంటాయి. చిరునామా ఆ చివరను దాటిందంటే కార్డు తప్పు పట్టదు, మళ్ళీ సున్నా దగ్గరికి వస్తుంది, గానుగెద్దు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చినట్టు. అంటే మెమరీకి చివర అనేదే లేదు. దృశ్యం ఎటు జరిగినా ఆ వైపు కొత్తగా కనబడబోయే ఒక్క వరుస టైళ్ళు గీసుకొంటే చాలు. ఇప్పుడు ఆకాశమంతా ఒకే టైలు కావలసిన అవసరం తగ్గింది, అందుకే నాలుగో భాగంలో దృశ్యాలు ఎంతో నిండుగా, పచ్చగా ఉంటాయి. అయితే అప్పుడు కొత్తగా వస్తున్న సూపర్ వీజీఏ అనే గ్రాఫిక్స్ కార్డుల్లో కొన్నింటిలో మెమరీ ఎక్కువ ఉండడం వల్ల చిరునామా సున్నాకు తిరిగి రాకుండా అవతలికి పోయేది, తెర మీద చెత్త కనబడేది. దానికోసం ఆటలోనే ప్రత్యేకంగా ఒక సర్దుబాటు పెట్టవలసివచ్చింది.

మిగతా చరిత్ర మీలో చాలామందికి తెలిసిందే. 1991 జనవరిలో అపోజీ నుంచి పదివేల అయిదువందల డాలర్ల చెక్కు వచ్చింది, ఫిబ్రవరి 1న వీళ్ళ సొంత సంస్థ ఇడ్ సాఫ్ట్‌వేర్ పుట్టింది, 1992లో వోల్ఫెన్‌స్టైన్ 3డీ, 1993 డిసెంబరులో డూమ్ అనే ఆటలు వచ్చాయి. పాత సంస్థ సాఫ్ట్‌డిస్క్‌కు ఇచ్చిన మాట ప్రకారం కొంతకాలం దానికి ఆటలు చేసిపెట్టారు. వాటిలో ఒకటి కీన్ డ్రీమ్స్. నింటెండో వద్దన్న ఆ మారియో నమూనా ప్రతి ఒకటి 2021లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో ఉన్న స్ట్రాంగ్ మ్యూజియానికి చేరింది.

ప్రోగ్రామింగు చదువుకొంటున్న విద్యార్థులకు చివరిగా ఒక మాట. కీన్ డ్రీమ్స్ ప్రోగ్రాము పాఠం, అంటే సోర్స్ కోడ్, 2014 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతోంది. అందులో ఐడీ ఆర్ఎఫ్ అనే పేరుతో ఉన్న ఫైలు తెరిచి చూడండి. తెరను తాజాగా ఉంచే పనంతా అక్కడే ఉంది. తెర మీది ఒక్కొక్క టైలుకు ఒక్కొక్క బైటు చొప్పున ఒక జాబితా కనిపిస్తుంది. ఆ టైలు మారినా, ఏదైనా బొమ్మ దాని మీదుగా నడిచి వెళ్ళినా ఆ బైటులో సున్నా కాని అంకె వేస్తారు. ఆ చోటును మళ్ళీ తాజా చేయాలని దాని అర్థం. తక్కినవన్నీ సున్నాలు. తెర జరగకుండా కీన్ ఒక్కడే కదిలినప్పుడు ఆ జాబితాను ఊహించుకోండి: వరుస వెంట వరుస సున్నాలు, మధ్యలో అతడు కదిలిన చోట మాత్రం కొన్ని వేరే అంకెలు.